ఆఫీసరమ్మ వేషం

నా జన్మలో ఒక్కసారే నన్ను మగవాడనుకున్నారు. అదీ గవర్నమెంటు డ్యూటీలో ఉండగా, పట్టపగలు, ఊరు ఊరంతా చూస్తుండగా. ఉద్యోగాల్లో కొత్తగా చేరే ఆడపిల్లలు ఈ కథ కాస్త శ్రద్ధగా వినాలి. ఇప్పుడు మీరు కలెక్టర్లవుతున్నారు, జీపులు మీరే తోలుకుంటున్నారు. మేం చేరిన డెబ్భైల్లో ఆడది ఆఫీసరంటే జనం నవ్వేవాళ్ళు కారు. అసలు నమ్మేవాళ్ళే కారు.

నేను చదివింది మూడో తరగతి. మా ఆయన బెజవాడలో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. ఆయన పోయాక ఆయన కూర్చునే స్టూలు నాకిచ్చారు. మనిషిని పొడగరిని, గొంతు బండ. మా అత్తగారు, "నువ్వు గుసగుసలాడితే ఏటవతలికి వినబడుద్దే" అనేది. మా ఇల్లు భవానీపురంలో ఏటిగట్టుకి దగ్గరే కాబట్టి ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

నేను చేరిన కొన్నాళ్ళకి కలరా వచ్చింది. మన దగ్గరే కాదు, ఎన్నెన్నో దేశాల్లో ఉందని, ఓడలెక్కి తిరుగుతోందని ఆఫీసులో పేపరు చదివేవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. జాతరలు ఆపేశారు, తిరునాళ్ళు ఆపేశారు. జనం ఒకచోట గుమిగూడితే జబ్బు అంటుకుంటుందని నాటకాలు, హరికథలు, బుర్రకథలు, తోలుబొమ్మలు అన్నీ వద్దని ఊరూరా దండోరా వేయించారు. అది మంచికే. కానీ గజ్జె కట్టి బతికేవాళ్ళ గతేమిటి? వాళ్ళకి ఏడాది తిండి ఆ నాలుగు నెలల ఆటల్లోనే ఉంటుంది. అప్పుడు పైనుంచి ఆర్డరొచ్చింది, ఆట ఆగిపోయిన కళాకారులకి అత్యవసరంగా సాయం పంచమని. ఆ పని మా ఆఫీసు నెత్తిన పడింది. మా ఆఫీసులో అది కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ నెత్తిన పడింది.

ఆవిడ చిన్నపిల్ల. కళ్ళజోడు, చేతికి గడియారం, గంజి పెట్టిన నేతచీర. నవ్వు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చేది. నవ్వితే ఎవరూ మాట వినరని ఎవరో పెద్దాఫీసరు చెప్పాడట. పాపం, అది గట్టిగా పట్టుకుంది.

కళాకారులు రావడం మొదలుపెట్టాక మా వరండా వరండాలా ఉండేది కాదు. కిరీటం సంచిలో పెట్టుకుని ఒకాయన వచ్చేవాడు, నేను కళాకారుణ్ణని రుజువుకి. ఇంకొకాయన బల్ల మీద దరువేసి మరీ పద్యం ఎత్తుకునేవాడు. పక్క సెక్షన్ గుమాస్తాలు ఫైళ్ళు వదిలేసి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. "ఇవాళ కాదని చెప్పానా? రేపు రండి!" అని జనాన్ని కసరడం నా డ్యూటీ. నాకు ఉద్యోగమంతటిలో అంత సరదాగా గడిచిన రోజులు లేవు.

ఒకరోజు హరికథ చెప్పే ఒక దాసుగారు తన సాయం పుచ్చుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు.

"ఏమిటండీ, ఇంకా?" అంది ఆఫీసరమ్మ.

"నా పని అయిందమ్మా. ఇంకో మేళం సంగతి చెబుదామని. పగటివేషాల వాళ్ళు. ఉయ్యూరు దాటాక కాలవవతల ఒక ఊళ్ళో చిక్కుబడిపోయారు."

"రమ్మనండి."

"రారమ్మా. అడగరు. రేపు మధ్యాహ్నం సినిమా డ్రస్సులు అద్దెకిచ్చే షావుకారు బండి కట్టుకెళ్తున్నాడు. వేషాల పెట్టె ఆయనకి అమ్మేస్తున్నారు. పెట్టె పోతే ఇంకేముందండి? మూడు తరాల నించీ ఉన్న పెట్టె. తర్వాత మేళం పెద్ద, ఆ ముసలాయన, చెరుకు కొట్టాల్సిందే."

పగటివేషాలంటే తెలియని పిల్లలు ఉంటారు కనక చెబుతాను. వాళ్ళకి స్టేజీ ఉండదు, తెర ఉండదు. పట్టపగలు రోజుకొక వేషం కట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఒకరోజు శెట్టిగారు, ఒకరోజు పోలీసు దారోగా, ఒకరోజు గయ్యాళి ఆడది. ఆడవేషం కూడా మగవాళ్ళే కడతారు. నిజం మనిషో, వేషమో తెలియకుండా ఊరిని బోల్తా కొట్టించడమే వాళ్ళ విద్య. వేషాలు కట్టినన్నాళ్ళూ ఎవరింట్లోనూ గింజ ముట్టరు. ఆఖరి రోజు వేషాలు విప్పేసి, మామూలు మనుషులుగా వచ్చి, ఊరిచ్చే మర్యాద అందుకుంటారు. ఈ మేళానికి ఆట మధ్యలో ఉండగా దండోరా పడింది. ఆఖరి రోజు రాలేదు. ఆట ముగియలేదు కనక మర్యాద అడగలేరు. మర్యాద అందుకోకుండా ఊరు దాటకూడదు. అలా పడి ఉన్నారు.

ఆ నెలాఖరు దాటితే మిగిలిన సాయం డబ్బు వెనక్కి పోతుంది. ఆఫీసరమ్మ గడియారం చూసుకుని, "వాళ్ళు రాకపోతే మనం వెళ్దాం" అంది. నావైపు తిరిగి, "నువ్వూ రా" అంది.

మర్నాడు జీపులో బయల్దేరాం. ఉయ్యూరు దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత వంతెన దగ్గర రోడ్డు తవ్వేసి ఉంది. మా డ్రైవరు జీపు ఆపి, "చుట్టు తిరిగి రావాలండి. మధ్యాహ్నం దాటుద్ది" అన్నాడు. అప్పటికి మా ఆఫీసరమ్మకి ఓపిక అయిపోయింది. "నువ్వు చుట్టు తిరిగి రా, మేం పడవలో దాటి నడుస్తాం" అని దిగిపోయింది. ఆవిడ ముందు, సంచీ చంకలో పెట్టుకుని నేను వెనక. చెరుకు తోటల మధ్య గట్టు మీద అలా నడుచుకుంటూ ఊళ్ళోకి అడుగుపెట్టాం. జీపు లేదు, నా భుజాన బంట్రోతు డవాలీ లేదు. మేం చేసిన పొరపాటల్లా అదే.

ముందుగా మునసబుగారి అరుగు దగ్గరికెళ్ళాం. ఈ మేళం వాళ్ళు వీళ్ళేనని ఆయన చెప్పి సంతకం పెడితేగానీ సాయం ఇవ్వడానికి లేదు. మునసబుగారు పడక్కుర్చీలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మమ్మల్ని పైనించి కిందిదాకా చూశాడు.

"నేను బెజవాడ నించి వచ్చాను. ప్రభుత్వం తరఫున డబ్బు ఇవ్వడానికి" అంది ఆఫీసరమ్మ.

మునసబుగారు చుట్ట తీసి పక్కన పెట్టాడు. నెమ్మదిగా నవ్వు మొదలుపెట్టాడు. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, కుర్చీ కదిలింది.

"అమ్మో అమ్మో! ఒరేయ్, అందరూ రండ్రోయ్! మేళం మళ్ళీ మొదలెట్టారు! ఈసారి ఆడాఫీసరు వేషం!"

ఎందుకలా అన్నాడో తర్వాత తెలిసింది. దండోరా పడక ముందు రోజు వేషగాడొకడు కలరా సూదుల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడట. నెత్తిన టోపీ, చేతిలో సైకిలు పంపు. "ఈ ఊళ్ళో మొదటి సూది మునసబుకే" అనేసరికి ఈయన పరుగెత్తుకెళ్ళి గడ్డివాములో దూరాడు. బయటికి రమ్మని బతిమాలేసరికి వాళ్ళావిడకి పొద్దుగుంకిందట. అప్పట్నించీ ఊరంతా ఆయన్ని చూసి సైకిలు పంపు కొట్టినట్టు చేతులాడించడం. మరోసారి మోసపోకూడదని ఆయన ఒట్టు పెట్టుకుని కూర్చున్నాడు. మేం దొరికాం.

క్షణాల్లో జనం పోగయ్యారు.

"ఏం కట్టాడ్రా వేషం! నడుం చూడు, నడక చూడు!"

"కళ్ళజోడు ఎక్కడ సంపాయించాడంటావ్?"

"ప్రభుత్వం డబ్బు ఇవ్వడానికి వచ్చిందంట! అక్కడే దొరికిపోయాడు పిచ్చోడు. పట్టుకెళ్ళడానికి వచ్చామంటే నమ్మేవాళ్ళం కదరా!"

ఆఫీసరమ్మ మొహం ఎర్రబడింది. "ఏమిటిది? నేను నిజంగా ఆఫీసర్ని!" అని గట్టిగా అరిచింది. చప్పట్లు కొట్టారు. "దూరంగా నిలబడండి! గుంపుగా చేరకూడదని దండోరా వెయ్యలేదా?" అంది. ఈలలు వేశారు.

నేనింక ఊరుకోలేక ముందుకొచ్చి, "నోర్ముయ్యండెహె! అమ్మగారు నిజం అమ్మగారే!" అన్నాను.

నా గొంతు విని అందరూ నావైపు తిరిగారు. తర్వాత ఊరు విరగబడి నవ్వింది.

"ఆఫీసరు వేషగాడికి ఆడగొంతు బాగా కుదిరిందిగానీ, ఈ బంట్రోతుగాడికి రాలేదురా పాపం!"

"కొత్తోడేమోలే. నేర్చుకుంటాడు."

నా గతి అలా అయింది. మునసబుగారి తల్లి, పండు ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చి మా ఆఫీసరమ్మ బుగ్గ పట్టుకుని సాగదీసింది. చేత్తో గడ్డమంతా తడిమింది.

"ఎంత నున్నగా గీశావురా నాయనా! ఒక్క గరుకు లేదు. మావాడికి కాస్త ఆ మంగలెవడో చెప్పు" అంది.

అప్పుడు జరిగింది నేను ఎన్నడూ అనుకోనిది. మా ఆఫీసరమ్మకి నవ్వొచ్చింది. ముందు పెదవి బిగబట్టింది, ఆగలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, అరుగు స్తంభం పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇన్నాళ్ళూ ఇంట్లో పెట్టి తాళమెందుకు వేసిందా అనిపించింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుంది, నడుం మీద చెయ్యేసుకుంది. ఇంక ఆట మొదలుపెట్టింది.

"ఏమయ్యా మునసబూ! ఆ మూలనున్న బస్తా ఏమిటి?"

"బ్లీచింగు పౌడరండీ ఆఫీసరుగారూ!" మునసబు చేతులు కట్టుకుని వంగి మరీ చెప్పాడు, ఆటలో తన వంతుగా.

"ఎన్నాళ్ళ నించి ఉంది?"

"తాలూకాఫీసు వాళ్ళు పడేసి పోయినకాణ్ణించీ అట్టానే ఉందండీ!"

"అది నీ వరండాకి కలరా రాకుండా కాపలా కాస్తోందా? ఎత్తండి! బావిలో కలపండి! నేనిక్కడ నిలబడి ఉండగా అయిపోవాలి. ఏయ్, నువ్వు! ఆ బిందెలో నీళ్ళు కాచినవేనా?"

"కాదు దొరసానమ్మగారూ!"

"పొయ్యి ముట్టించు. నడు!"

పరుగులు పెట్టారండీ! నవ్వుకుంటూ, సలాములు కొడుతూ, బస్తా నలుగురు మోసుకెళ్ళి నిజంగానే మంచినీళ్ళ బావిలో పౌడరు కలిపారు. నిజం ఆఫీసరు నెల రోజులు చెప్పినా కదలని బస్తా, వేషగాడు చెబితే కదిలింది. మాకూ తెలియలేదు, అది వేషమో డ్యూటీయో.

ముసలమ్మ లోపలికెళ్ళి చేటలో బియ్యం, రెండు సొరకాయలు, ఒక జాకెట్టు గుడ్డ తెచ్చింది. "ఇదే ఆఖరి వేషమనుకోరా నాయనా. పుచ్చుకో. మీ పెద్దాయన పస్తులుంటాడుగానీ, ఆట అవలేదని గింజ ముట్టడు. ఊళ్ళో ముద్ద దిగట్లేదు మాకు" అంది. ఒక్కొక్క ఇంటి నించీ తలా కాస్త తెచ్చి ఆ చేటలో పోశారు. చేట చాలక నా కొంగులో పోశారు. ఆ ఊరికి ఇవ్వాలని ఎంత ఉందో అప్పుడు తెలిసింది నాకు.

ఇంతలో జనం దారిచ్చారు. ముసలాయన వచ్చాడు, మేళం పెద్ద. సన్నగా, నిటారుగా, తలపాగా చుట్టుకుని. ఊళ్ళో ఎవరో వేషం కట్టారని తెలిసి కోపంగా వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. కాసేపు ఆఫీసరమ్మని చూశాడు, తర్వాత నా పక్కకొచ్చి చెవిలో అడిగాడు.

"నిజం అమ్మగారే కదూ?"

"నిజమే బాబాయ్. నువ్వన్నా నమ్మావు."

"చెప్పబాకమ్మా. ఎన్నాళ్ళకో నవ్వుతున్నారు జనం" అన్నాడు.

ఊరవతల మిల్లు గోడవున్లో ఉంటున్నారు వాళ్ళు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. మేం వెళ్ళేసరికి షావుకారు బండి వచ్చి ఉంది. పెట్టె వాకిట్లో ఉంది. మూత తీసి ఉంది. లోపల జిగినీ చీరలు, దారోగా టోపీ, కట్టుడు జుట్లు, రంగుల డబ్బాలు. మేళం ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి అటు చూడకుండా ఉన్నారు. షావుకారు ఒక్కొక్కటి తీసి ఎండలో పట్టి చూస్తూ, "చిమ్మెటలు కొట్టేశాయయ్యా" అంటున్నాడు, బేరం కోసం.

ఆఫీసరమ్మ సంచీలోంచి కవరు తీసింది. "పెద్దాయనా, ఇది ప్రభుత్వం ఇచ్చే సాయం. పెట్టె అమ్మక్కర్లేదు. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి" అంది.

ముసలాయన దణ్ణం పెట్టాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

"ఆడకుండా పుచ్చుకుంటే అది ముష్టమ్మా. మా తాత ముత్తాతలు వేషానికి పుచ్చుకున్నారుగానీ, ఊరికే పుచ్చుకోలా."

"ఆడొద్దన్నది మేమే కదా! అందుకే ఇస్తున్నాం."

"అది మీ ధర్మం తల్లీ. ఇది మా కట్టు."

ఎంత చెప్పినా అంతే. షావుకారు పెట్టె మూత వేశాడు, మనుషుల్ని పిలిచి ఎత్తమన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చెయ్యడానికి ఏమీ తోచక, బరువు ఆగక, కొంగులో బియ్యం, చేట, సొరకాయలు తెచ్చి ముసలాయన ముందు దించాను. "ఇవన్నా తీసుకో. ఇవి మీ కోసం ఇచ్చినవే" అన్నాను.

"నాకెట్టా అవుతాయమ్మా? ఆడింది మీరు. మర్యాద మీది."

ఆఫీసరమ్మ ఒకసారి చేట వంక చూసింది, ఒకసారి ఆయన వంక చూసింది.

"ఈ ఊరు ఎవరిది?" అని అడిగింది.

"అంటే?"

"వేషం కట్టే హక్కు. దాసుగారు చెప్పారు, మీ మేళాల వాళ్ళు ఊళ్ళు పంచుకుంటారట."

"ఈ ఊరు మాది. మా తాతల నించీ మాదే."

"మరి మీ ఊళ్ళో ఇంకో మేళం వచ్చి ఆడితే?"

ముసలాయన మీసం కింద ఏదో కదిలింది. "తప్పు పని. ఆడితే మాత్రం, తెచ్చుకున్నదాంట్లో సగం మా ముందు పెట్టాలి. అది పుచ్చుకోకపోతే మాది తప్పు."

"సగం. మొత్తంలోనా?"

"వాళ్ళ దగ్గర ఏముంటే అంతట్లో."

ఆఫీసరమ్మ కింద కూర్చుంది, గంజి చీర మట్టి అంటుకుంటుందని కూడా చూసుకోకుండా. చేట ఒక పక్కకి జరిపింది. కవరు ఇంకో పక్కన పెట్టింది.

"ఇవాళ మా మేళం దగ్గర ఉన్నవి ఈ రెండే. చేట మాది. కవరు మీది. పంపకం సమంగా ఉందా?"

అప్పుడు ముసలాయన నవ్వాడు. గోడవును రేకులు మోగేలా నవ్వాడు. నవ్వి నవ్వి, వేలు ముందుకు చాపాడు. "సిరా పట్రండమ్మా. కట్టు తప్పగూడదు" అన్నాడు. వెంటనే వేలు వెనక్కి లాక్కున్నాడు. "ఒకటి. చేట మీరు పట్టుకెళ్ళాల్సిందే. ఇక్కడ వదిలేస్తే పంపకం కాదు, మళ్ళీ దానమవుద్ది."

"పట్టుకెళ్తాం" అంది ఆఫీసరమ్మ.

షావుకారు, "మరి నా బండి బాడుగో?" అన్నాడు.

"మా వాకిట్లో నిలబడి ఇంత ఆట చూశావుగా. అది టిక్కెట్టు అనుకో" అన్నాడు ముసలాయన.

అప్పుడొచ్చింది మా జీపు, దుమ్ము లేపుకుంటూ. దాని వెనక ఊరు, ఊరి ముందు మునసబుగారు. జీపు ముందు రాసి ఉన్న అక్షరాలు చదువుకున్నాడు. డ్రైవరు దిగి అమ్మగారికి సలాం కొట్టడం చూశాడు. మొహం బ్లీచింగు పౌడరు రంగుకి తిరిగింది. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకుని, "తెలీక... అమ్మగారూ... పొరపాటు..." అని నసిగాడు.

"సంతకం పెట్టండి మునసబుగారూ. సైకిలు పంపు తేలేదు లెండి" అంది ఆఫీసరమ్మ.

ముసలమ్మ మాత్రం జీపు వంక చూసి, కొడుకుతో అంది: "నీకు పిచ్చిగానీ, జీపు కూడా అద్దెకి తెచ్చుంటార్రా. పెద్ద మేళం."

చేట తెచ్చి ఆఫీసులో పెడితే అకౌంట్ల గుమాస్తా అదిరిపోయాడు. "ఇది ఏ పద్దులో రాయాలండీ?" అన్నాడు. "వండి పెట్టే పద్దులో" అంది ఆఫీసరమ్మ. మర్నాడు సొరకాయ పులుసు నేనే వండాను. గుమాస్తా రెండోసారి వడ్డించుకున్నాక మళ్ళీ పద్దు సంగతి ఎత్తలేదు.

కలరా తగ్గింది, దండోరా ఎత్తేశారు. పంటలు ఇళ్ళకొచ్చాక ఒక పొద్దున, ఆదివారం కాబోలు, నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. వీధి గుమ్మంలో మా అత్తగారి గొంతు వినిపించింది.

"ఏమిటే, పెరట్లో ఉన్నావనుకున్నాను. ఎప్పుడెళ్ళావు బయటికి? ఈ అమ్మాయెవరు? లోపలికి రమ్మను, కాఫీ ఇస్తాను."

చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూశాను. గుమ్మంలో మా ఆఫీసరమ్మ నిలబడి ఉంది, కళ్ళజోడు, గడియారం, గంజి చీరతో. ఆవిడ వెనక చంకలో సంచీ, బొడ్లో దోపిన కొంగు, కాస్త వంగిన నడుం, దేనిమీదో విసుగు. నేను! నన్ను నేను అంత నిండుగా అద్దంలో కూడా చూసుకోలేదు. వీధంతా అరుగుల మీదికొచ్చి నవ్వుతోంది. మా అత్తగారు ఆ నన్నూ, ఈ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇద్దరైతే నేను వేగలేనే తల్లీ!" అని కూలబడింది.

ఆఫీసరమ్మ వేషం మేళంలో కుర్రాడిది. నా వేషం కట్టింది ఆ ముసలాయనే. మా ఆఫీసు వరండాలో జనంతోపాటు కూర్చుని నన్ను చూసి నేర్చుకెళ్ళాడట. నాకు తెలియనే లేదు.

నవ్వలేక కళ్ళనీళ్ళు తిరుగుతుంటే లోపలికి పరుగెత్తి చేట నిండా బియ్యం తెచ్చాను. "బాబాయ్, పుచ్చుకో. కట్టు గిట్టు అనకు, ఇవాళే పుచ్చుకో" అన్నాను.

ఆయన చేట వంక చూడనైనా చూడలేదు. సంచీ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. నా గొంతే, అచ్చం నా బండ గొంతే, వీధి చివరిదాకా వినబడేలా, నేను రోజూ వరండాలో జనాన్ని కసిరినట్టే కసిరాడు:

"ఇవాళ కాదని చెప్పానా? ఆఖరి రోజు రండి!"